మా చెల్లెలి మొహం మీద పెన్సిలు పెట్టొద్దు

అయ్యలారా, అమ్మలారా! మంగళగిరి నుంచి వచ్చిన మా మగ్గాల వాళ్లకీ, విజయవాడ ఫొటో స్టూడియోల వాళ్లకీ అందరికీ దండాలు. ఇంత ఎండలో పనులు మానుకొని మా చెల్లెలు చౌడేశ్వరమ్మ సంతాప సభకి వచ్చారు. మా ఇల్లు మీకు రుణపడి ఉంటుంది.

నేను ఆవిడ అన్నని. సంతకం పెడతాను, బస్సు బోర్డు చదువుతాను. నా చదువు అంతే. మగ్గం నేసి బతికాను, ఒకడి ముందు తల వంచలేదు. మెత్తగా మాట్లాడటం నాకు రాదు. అందుకని ముందే ఒక మాట అడుగుతాను.

ఈ కుర్చీలో దండ వేసి పెట్టిన ఫొటోలో ఉన్నావిడ ఎవరండీ?

గేటు దగ్గర ఫ్లెక్సీ మీద కూడా ఈవిడే ఉంది. నున్నటి బుగ్గలు, పచ్చటి రంగు, సీరియల్లో అత్తగారి నవ్వు. మా చెల్లెలికి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. మొహమంతా గుంటలే. ఆ గుంటలు చూడనివాళ్లు ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి. ఎత్తరు. మరి అవి ఏమయ్యాయి?

ఆవిడ కొడుకు, నా మేనల్లుడు ఉమామహేశ్, కంప్యూటర్లో చేయించాడు. పొద్దున అడిగితే, "అమ్మ అందంగా కనపడాలని చేయించా మావయ్యా, ఇంతమందిలో గొడవ పెట్టుకోకు" అన్నాడు. పెట్టుకుంటాను. ఈ సభ అవగానే ఈ ఫొటోనే ఆవిడ నడిపిన స్టూడియో గోడకు బిగిస్తారట. రేపు పుట్టే పిల్లలకి మా చెల్లెలంటే ఈవిడే అయిపోతుంది. నేను బతికుండగా అది కానివ్వను.

లేవకు ఉమామహేశూ, కూర్చో. మైకు ఇవ్వను.

మా నాన్న పాండురంగయ్య చీరలు నేసేవాడు. ఫొటోల పిచ్చి ఆయనకి ఎక్కడ అంటుకుందో తెలియదు. మగ్గం గది తలుపులకి తడి చీరలు కట్టి, చీకటి చేసి, లోపల ఫొటోలు కడిగేవాడు. బియ్యం డబ్బా ఆ గదిలోనే. తలుపు తీస్తే ఫొటో పాడవుతుంది, తీయకపోతే అన్నం లేదు. "పిల్లలు ఆకలితో ఉన్నారయ్యా" అని అమ్మ బయటినుంచి అరిస్తే, "వెలుగు పడుద్దే, ఆగవే" అని ఆయన లోపలినుంచి అరిచేవాడు. మేం అట్లా పెరిగాం. ఒకసారి ఆ చీకట్లో నీళ్ల తొట్టి అనుకొని, నూలుకి రంగు వేసే తొట్టిలో ఫొటోలు ముంచాడు. మా నాయనమ్మ నీలంగా బయటికొచ్చింది. ఆవిడ చూసుకొని, "ఓరి పాండురంగా, బతికుండగానే నన్ను దేవుణ్ణి చేశావు కదరా" అంది. ఊరంతా వచ్చి చూసి నవ్వింది.

నేను ఆకలికి తాళలేక ఎప్పుడూ బయటే. మా చెల్లెలు మాత్రం నాన్న పక్కన ఆ చీకట్లోనే కూర్చునేది. పని అక్కడే పట్టుబడింది.

నాన్నకి ఒక విద్య మీద మహా గర్వం. నెగెటివు మీద సన్న పెన్సిలు పెట్టి మొహంలో గుంటలు పూడ్చేవాడు. పెళ్లిచూపులకి పంపే ఫొటోలన్నీ మా ఇంటికే వచ్చేవి. చెల్లెలికి సంబంధాలు చూసేటప్పుడు ఆవిడ ఫొటోకీ అదే చేశాడు. ఫొటో పెడన వెళ్లింది. వాళ్లకి నచ్చింది. పిల్లవాడి మేనత్త, ఇంకా నలుగురు కలిసి వచ్చారు. చెల్లెలు వచ్చి చాప మీద కూర్చుంది. ఆ మేనత్త చేతిలో ఫొటో చూసింది, చెల్లెల్ని చూసింది, మళ్లీ ఫొటో చూసింది. "ఫొటోలో అమ్మాయి ఏదండీ?" అంది.

అప్పుడు మా చెల్లెలు తలెత్తి చెప్పింది: "ఆ అమ్మాయి మా నాన్న పెన్సిల్లో ఉందండీ. మీ ఇంటికొచ్చేది నేను."

వాళ్లు కాఫీ తాగకుండా వెళ్లిపోయారు. ఆవిడ ఏడవలేదు. బ్లేడు తెచ్చి ఆ నెగెటివు మీద తన మొహాన్ని తనే గీకేసింది. "నాన్నా, ఇంకెప్పుడూ నా మొహం మీద పెన్సిలు పెట్టొద్దు" అంది. తర్వాత వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం చేసే దుర్గాశంకర్ ఫొటో అడక్కుండా వచ్చాడు, మనిషిని చూశాడు, చేసుకున్నాడు. ఉమామహేశూ, మీ నాన్న సంగతే చెబుతున్నా. నువ్వు పుట్టింది ఆ గుంటల మొహానికి.

స్టూడియో పెట్టాక కూడా ఆవిడ ఎవరి మొహమూ మార్చలేదు. బేరాలు పోయాయి, మార్చలేదు. ఉయ్యూరు నుంచి చెరుకు రైతు కొడుకులు వచ్చారు. పోయిన తండ్రి చిన్న ఫొటో ఇచ్చి, పెద్దది చేసి, మెల్లకన్ను సరిచేయమన్నారు. పెద్దది చేసింది, కన్ను ముట్టుకోలేదు. వాళ్లు కౌంటరు మీద చేత్తో కొట్టి అరిచారు. వెనకాల వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆ ఫొటో లాక్కొని గుండెకి పెట్టుకుంది. "ఇట్టానే చూసేవాడు నన్ను. నన్ను చూస్తున్నాడో గేదెని చూస్తున్నాడో తెలిసేది కాదు" అని ఏడుస్తూ నవ్వింది. కొడుకులు డబ్బులిచ్చి అమ్మని తీసుకెళ్లారు.

ముందు వరుసలో ఎవరో, "పెద్దాయనా, ఇక ముగించండి" అంటున్నారు. ముగిస్తాను. కొడుకు పరువు తీస్తున్నానని గొణుగుతున్నారు, అదీ వినపడింది. తల్లి మాట కొడుకు నిలబెట్టకపోతే మేనమామ నిలబెట్టాలి. దానికి నన్ను ఇంటికి రావద్దంటే రాను.

ఉమామహేశూ, నీది చెడ్డ బుద్ధి అని నేను అనను. అమ్మ మీద ప్రేమతోనే చేశావు. మా నాన్న కూడా ప్రేమతోనే పెన్సిలు పెట్టాడు. అప్పుడు ఆవిడకి బ్లేడు పట్టుకునే చెయ్యి ఉంది. ఇప్పుడు లేదు. ఆ ఫొటోని కుర్చీలోంచి నువ్వే తియ్యాలి. నేను తీస్తే అది దెబ్బలాట అవుతుంది. నువ్వు తీస్తే అమ్మ మాట విన్నట్టు అవుతుంది. నువ్వు తీసేదాకా నేను ఈ మైకు వదలను, ఇక్కడినుంచి కదలను.

జ్యోతిర్మయీ, నువ్వూ ఆ తల్లి కూతురివే, ఊరుకో అమ్మా. అన్నని బతిమాలొద్దు. వాడే లేవాలి.

...

లేచాడు. దారి ఇవ్వండి బాబూ, దారి ఇవ్వండి.

దండ జాగ్రత్తరా. అది కుర్చీలోనే ఉంచు. ఫొటో గోడ వైపు తిప్పి పెట్టు. చాలు. ఇట్రా, నా పక్కన నిలబడు.

అసలు ఫొటో ఎక్కడుందని ఇప్పుడు వెతకొద్దు. ఈ పూటకి ఖాళీ కుర్చీ చాలు. అయ్యలారా, అమ్మలారా, అందరూ లేవండి. రెండు నిమిషాలు మాట్లాడకండి. తలలు దించొద్దు, కళ్లు మూయొద్దు. ఆ కుర్చీలోకి చూడండి. మీకు తెలిసిన చౌడేశ్వరమ్మని, గుంటలతో సహా, అక్కడ కూర్చోబెట్టండి.

లేవండి.