అర నంబరు ఐపీసు

ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక ఖడగ్‌పూర్ పూరీ గేట్ రైల్వే క్వార్టర్లలో నూకయ్య వరండా ఖాళీగా ఉందంటే, ఆయనకి జ్వరమైనా వచ్చి ఉండాలి, ఆయన ఊళ్ళోనైనా లేకపోయి ఉండాలి. ముప్పై ఏళ్ళు ఇంజిన్లు నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడు కొడుకు క్వార్టరులో ఉంటూ, ఆ ముప్పై ఏళ్ళనీ వారానికోసారి మళ్ళీ నడుపుతుంటాడు. ప్రతిసారీ బండి స్పీడు కాస్త పెరుగుతుంది.

ఆ ఆదివారం పక్క క్వార్టరు హైమవతి కూడా వచ్చింది. రైల్వే ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. ఒక చేతిలో మూడు కాళ్ళ స్టాండు, చంకలో బారెడు దుర్భిణి, రెండో చేతిలో చిన్న చెక్కపెట్టె. ఆమె బెంగంతా ఆ పెట్టెలోనే ఉంది.

జులైలో మనుషులు చంద్రుడి మీద దిగారని రేడియో చెప్పిన మర్నాడు, ఆరో తరగతిలో ఒక పిల్ల లేచి, "టీచర్, మనకీ కనబడతాదా సెందురుడు, దగ్గరగా?" అని అడిగింది. "చూపిస్తాను" అనేసింది హైమవతి. ఆ ఒక్క మాటకే కట్టుబడి నాలుగు నెలలు హెడ్మిస్ట్రెస్ వెంటపడి, కలకత్తా నుంచి ఈ దుర్భిణి తెప్పించింది. దుకాణం వాళ్ళు దాంతోపాటు కంటి దగ్గర బిగించే కటకాలు, అదే ఐపీసులు, మూడు పంపారు. వాటి మీద ఆరు, పన్నెండు, ఇరవై అయిదు అని నంబర్లు చెక్కి ఉన్నాయి. ఒకటి ఉంచుకుని మిగతా రెండూ రేపు పొద్దున్న కలకత్తా బండి గార్డు చేతికిచ్చి పంపెయ్యాలి. రేపు సాయంత్రం నలభై మంది పిల్లలు బడి డాబా మీదికి వస్తారు. "వాళ్ళకేమీ కనబడకపోతే దుర్భిణి కూడా వెనక్కే" అని హెడ్మిస్ట్రెస్ ముందే తేల్చి చెప్పింది.

మూడు సాయంత్రాలుగా హైమవతి మార్చి మార్చి చూస్తూనే ఉంది. ఆరు నంబరుతో చంద్రుడు దొరికినట్టే దొరికి జారిపోతున్నాడు. పన్నెండుతో కాస్త నయం గానీ, అందులోనూ నిలవడం లేదు. ఇరవై అయిదుతో చక్కగా కుదురుగా ఉన్నాడు గానీ చిన్నగా ఉన్నాడు. ఇన్నాళ్ళు ఊరించి ఇంత చిన్న చంద్రుణ్ణి చూపిస్తే పిల్లలు పెదవి విరుస్తారేమోనని ఆమె భయం. ఈ క్వార్టర్లన్నిట్లో దుర్భిణిలో చూశానని చెప్పుకునే మనిషి నూకయ్య ఒక్కడే. ఆయన కోతలు ఆమెకి తెలియనివి కావు. అయినా అందులో పదో వంతు నిజం ఉన్నా తన పని గట్టెక్కుతుందని ఆశ.

"బాబాయ్, మీరు దొరగారి దుర్భిణిలో చూశారు కదా. ఈ మూడింట్లో ఏది ఉంచుకోమంటారు?"

నూకయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "దీనికి ఆలోసన దేనికమ్మా? ఇరవై అయిదు. నంబరు పెద్దదైతే పవరు పెద్దది. ఇంజినైనా అంతే, దుర్బీనైనా అంతే."

"ఇందులో ఉల్టా బాబాయ్. నంబరు ఎంత చిన్నదైతే బొమ్మ అంత పెద్దగా కనిపిస్తుంది."

నూకయ్య రెప్ప కూడా వాల్చలేదు. "నేనన్నదీ అదే కదా. నీకు తెలుసో లేదో అని టెస్టు సేసినాను. పాసైపోనావు. ఆరు ఉంచీయి. ఆరు నంబరు సంగతి నన్నడుగు."

మెట్టు మీద కూర్చున్న గణపతిరావు నవ్వు ఆపుకున్నాడు. నూకయ్య మేనల్లుడు. వేగన్ షాపులో ఫిట్టరు. "సెప్పు మావా, అడిగీసినాం" అన్నాడు.

"నేనప్పుడు ఫైర్‌మన్‌ని. తెల్లదొర బంగ్లాలో ఇత్తడి దుర్బీను ఉండీది. దొరకి దాంతో ఏటీ కనబడీది కాదు. ఓ రోజు నన్ను పిలిసి, 'నూకయ్యా, నీ కన్ను సిగ్నల్ సూసిన కన్ను, నువ్వు సూడు' అన్నాడు. ఆరు నంబరు పెట్టి సూసినాను. హిజిలీ సిగ్నల్ దీపం కనబడింది. ఒత్తి పొగ కక్కుతన్నాది. దొరా, ఆ ఒత్తి కత్తిరించాల అన్నాను. మనిషిని పంపితే నిజమే!"

హిజిలీ పక్క స్టేషనే. అంతవరకూ హైమవతికి నమ్మబుద్ధేసింది. "దీపం చూపులోంచి జారిపోలేదా బాబాయ్? ఆరు పెడితే నాకు అన్నీ జారిపోతున్నాయి."

"నా కంట్లో పడ్డాక జారడవేటమ్మా? ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? దొర లోపలికెల్లి మూడు నంబరు తెచ్చినాడు. అది పెట్టీసరికి డెబ్బై మైల్ల అవతల బాలాసోర్ ప్లాట్‌ఫారం! గార్డు బల్ల మీద కూకుని జిలేబీ తింటన్నాడు. పైనున్న గడియారం రెండు నిమిషాలు స్లో. దొర ఫోన్ కొట్టి దాన్ని సరిసేయించినాడు. గార్డు మాత్రం ఇప్పటికీ బుర్ర గోక్కుంటన్నాడు, నా జిలేబీ సంగతి ఖడగ్‌పూర్‌లో ఎలగ తెలిసిందిరా అని."

"ఎన్ని జిలేబీలు మావా?"

"నాలుగు. ఒకటి కొరికున్నాది. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా? దొరకి పౌరుషం వచ్చీసింది. బీరువా తీసి ఒకటో నంబరు తీసినాడు. అప్పుడు కనబడింది వాల్తేరు! సముద్రం ఒడ్డున ఒకావిడ కూకుని సేపలు ఆరబెడతన్నాది. ఎవరా అని సూద్దును కదా, మా అత్త! కాకి వచ్చి సేప ఎత్తుకుపోతన్నాది, ఈవిడ సూడ్డం లేదు. నాకు ఒల్లు మండిపోయి హేయ్ అని అరిసినాను. ఆ అరుపుకి దొర కుక్క పారిపోయింది గానీ కాకి ఎగరలేదు. దూరం కదా మరి."

టీ గ్లాసులు పట్టుకొచ్చిన జోగమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "మా అమ్మ ఇజీనారం దాటి ఎప్పుడెల్లింది? సముద్రం ఎలగుంటాదో సూడకుండానే పోయింది పాపం."

"ఆ ఒక్క రోజే ఎల్లుంటాది. నీకు సెప్పి ఎల్లాలేటి?" అని భార్య చేతిలోంచి గ్లాసు అందుకుని నూకయ్య గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిందంటే పెద్దదేదో వస్తోందని వరండాలో అందరికీ తెలుసు. "ఇప్పుడు సెప్పబోయీది ఎవులికీ సెప్పకండి. దొర దగ్గర అర నంబరు ఉన్నాది. లండన్ నించి సీలేసి వచ్చింది. కందిగింజంత ఉంటాది. నూకయ్యా, ఇది పెట్టి మాత్రం సెందురుడినే సూడు, భూమ్మీద ఏది సూసినా గోడలు తొలుసుకు ఎల్లిపోతాది, మర్యాద కాదు అన్నాడు. సరేనని సెందురుడి మీద పెట్టినాను. ఏటుందో తెలుసా?"

"కుందేలా?" అన్నాడు గణపతిరావు.

"కుందేలూ కాదు నీ మొకమూ కాదు. పట్టాలు! ఈ కొస నించి ఆ కొస దాకా లైను ఏసీసున్నాది. మీటర్ గేజు. స్లీపర్లు లెక్కెట్టినాను. ఓ దగ్గర రెండు బోల్టులు లూజు. దొర అదంతా కాయితం మీద రాయించి పైకి పంపినాడు. మొన్న జులైలో వాల్లు తిన్నగా ఎల్లి దిగీసినారంటే ఏటనుకున్నారు? ఆ కాయితం లేకపోతే ఎక్కడ దిగాలో వాల్లకేటి తెలుసు? అంచేత, అమ్మా, ఆ పెద్ద నంబర్లు రెండూ పంపీయి. ఆరు ఉంచు. వీలైతే అర నంబరుకి ఉత్తరం రాసీయి."

అంతసేపూ హైమవతి ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది. దుర్భిణిలో ఒక్కసారి కన్ను పెట్టినవాళ్ళెవరైనా అన్నిటికన్నా ముందు చెప్పే మాట అది. హిజిలీ వచ్చింది, బాలాసోర్ వచ్చింది, వాల్తేరు వచ్చింది, చంద్రుడు కూడా వచ్చాడు. ఆ మాట మాత్రం రాలేదు. ఆమెకి నిరాశగానూ ఉంది, లోపల ఏదో సరదాగానూ ఉంది.

"చీకటి పడేలోగా ఒకసారి చూపించండి బాబాయ్" అని స్టాండు నిలబెట్టింది. మైదానం అవతల, ఔటర్ సిగ్నల్ దగ్గర ఒక గూడ్సు ఆగి ఉంది. దుర్భిణి దాని వైపు తిప్పి ఆరు నంబరు బిగించింది.

నూకయ్య వంగి కన్ను పెట్టాడు. హైమవతికి తెలుసు, అందులో వణుకుతున్న బూడిదరంగు తప్ప ఇంకేమీ లేదని.

"కనబడుతోందా?"

"కనబడకేటి? డ్రైవరు బీడీ ముట్టిస్తన్నాడు. అగ్గిపెట్లో ఇంక మూడు పుల్లలున్నాయి."

గణపతిరావు కూడా వంగి చూశాడు. "నాకు మసక తప్ప ఏటీ లేదు మావా."

"సూపుండాల్రా."

హైమవతి ఆరు తీసి పెట్టెలో పెట్టి, ఇరవై అయిదు బిగించి, కొంచెం సర్దింది. "ఇప్పుడు చూడండి" అంది మామూలుగానే.

నూకయ్య వంగాడు. చేతిలో టీ గ్లాసు వంకరై, టీ పంచె మీద ఒలికింది. ఆయన చూసుకోలేదు.

"ఓలమ్మో! బండి బోర్లా పడిపోయింది!"

"ఏటి మావా?"

"సెక్రాలు పైకున్నాయిరా! పొగ కిందకి కారతన్నాది! వెనకాల ప్యాసింజరుంటాది, గుద్దీస్తాది! ఎర్రగుడ్డ, ఎర్రగుడ్డేదీ!"

ఇంకొకరు నోరు తెరిచేలోపు ఆయన దండెం మీద ఆరుతున్న జోగమ్మ ఎర్రచీర లాగేసి, మెట్లు ఒక్క ఉదుటున దిగి, మైదానానికి అడ్డంపడి పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి. పైకెత్తిన చేతిలో చీర రెపరెపలాడుతోంది. "ఆపండి! రోకో, రోకో!" అని తెలుగులోనూ హిందీలోనూ అరుస్తున్నాడు. నవ్వబోయిన గణపతిరావు ఎందుకో నవ్వలేకపోయాడు. ఇన్నేళ్ళలో ఆయన దగ్గర కోత లేని మాట వినడం హైమవతికి ఇదే మొదటిసారి.

మైదానం సగం దాటాక నూకయ్య ఆగిపోయాడు. గూడ్సు చక్రాలు కిందా, పొగ పైనా పెట్టుకుని బుద్ధిగా నిలబడి ఉంది. సిగ్నల్ పడింది. బండి కూత వేసి కదిలింది. డ్రైవరు ఎర్రచీర పట్టుకున్న పెద్దమనిషిని చూసి చెయ్యి ఊపాడు కూడా.

ఆయన చీర మడత పెట్టుకుంటూ తిరిగొచ్చాడు. జోగమ్మ చీర అందుకుని, "మల్లీ తడపాల" అంది.

హైమవతి మెల్లిగా అడిగింది. "బాబాయ్, దుర్భిణిలో అన్నీ తలకిందులుగానే కనబడతాయి. దీన్ని చేసిన తీరే అంత. మరి ఆ బాలాసోర్ గార్డు, వాల్తేరులో మీ అత్తగారు, ఆ కాకి, వీళ్ళలో ఒక్కరూ తలకిందులుగా లేరేం?"

నూకయ్య పంచె మీది టీ మరక అప్పుడు చూసుకున్నాడు.

"దొర బంగ్లాలో ఉండీది అమ్మా, నిజంగానే" అన్నాడు చివరికి. "గాజు బీరువాలో. ఆ బీరువా దుమ్ము దులిపీవోన్ని. దుర్బీను మాత్రం దొర ముట్టుకోనిచ్చీవోడు కాదు."

హైమవతికి అయ్యో అనిపించింది. ఆరునీ పన్నెండునీ కాగితంలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, పురికొస కట్టింది. జీవితంలో ఒక్కసారైనా చూడని మనిషికి ఇరవై అయిదుతో వంగీ వంగగానే బండి దొరికింది, చక్రాలు దొరికాయి, పొగ దొరికింది. చూసినదాన్ని నమ్మి పరుగు కూడా పెట్టాడు. చిన్నదైతే ఏం, ఆరో తరగతి పిల్లలకి అంతకన్నా ఏం కావాలి?

ఇంతలో మైదానం మీదుగా పడమట నెలవంక తేలింది. హైమవతి దుర్భిణి అటు తిప్పి, పక్కకి జరిగింది. "రండి బాబాయ్. రేపు పిల్లలు చూస్తారు. మీరు ముందు చూడండి."

నూకయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని వచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగాడు. ముట్టుకోకూడదనుకున్నాడు కాబోలు. చాలాసేపు లేవలేదు. జోగమ్మ దీపం వెలిగించబోతే చేత్తోనే వద్దని సైగ చేశాడు.

గణపతిరావు ఇంక ఉండబట్టలేకపోయాడు. "మావా, మీటర్ గేజేనా?"

నూకయ్య కన్ను తియ్యలేదు.

"పట్టాలు లేవురా" అన్నాడు. "గుంటలున్నాయి. బోల్డన్ని గుంటలు. ఉండు, మాటాడకు, లెక్కెడతన్నాను."