ముందు జేబు చూడండప్పా

“జేజీ, శివన్న తాతను ఇంకా పాడె మీదికి ఎత్తనే లేదు, నువ్వు పోయి ఆయప్ప జేబులో చెయ్యి పెట్టినావు. అందరూ నోరు తెరుచుకొని చూసిరి. యాల అట్ల చేసినావు?”

ఏమే, సిగ్గయిందా నీకు? కానీలే. శివన్న కోడలు ఏమనిందో నేనూ విన్నాలే. “సచ్చినోని జేబులు ఎతుకుతాండాదే ఈ ముసిల్ది” అనింది. అననీ. పూలదండ కింద, చొక్కా జేబులో ఆయప్ప మిలిట్రీ బుక్కు దొరికిందా ల్యాదా? దొరికింది. తీసి ఆయప్ప పెండ్లాం చేతిలో పెట్టి, “ఇది ఇంట్లో పెట్టుకోమ్మా, మట్టిలోకి పంపొద్దు” అంటి. అంతే నేను చేసిన తప్పు. రా, ఈ మంచం తట్టు కూచో. ఆ ఫోను పక్కన పెట్టు. ఏమి, రికార్డు చేస్తాండావా? చేసుకో, నేనేమన్నా అబద్ధాలు చెప్తానా.

మీ జేజినాయన పోయినప్పుడు నువ్వు హాస్టల్లో ఉంటివి. పరీక్షలని మీ నాయన నీకు అన్నీ చెప్పల్యా. చెప్పుకునే సంగతి కాదులే అది.

మీ జేజినాయన మిలిట్రీకి యాల పోయినాడో తెలుసా? కరువు. శెనక్కాయ ఎండిపాయ, గొర్లు సగం సచ్చె, ఊర్లో గంజి పోస్తాంటే గిన్నెలు పట్టుకొని వరసలో నిలబడితిమి. అప్పుడు అనంతపురంలో మిలిట్రీకి ఎత్తుకుంటాండారని ఎవరో చెప్పిరి. ముదిగుబ్బ నుంచి బస్సు చార్జీ రూపాయన్నర. కాదు కాదు, రెండ్రూపాయలు. రూపాయన్నర మా పెండ్లి కాలానికి. ఆ దుడ్లు కూడా ల్యాక మా మామ ఒగ గొర్రెపిల్లను అమ్మి పంపినాడు. ఆడ పరిగెత్తమంటే ఈయన చెప్పులు ఇడిసేసి పరిగెత్తినాడంట. పుట్టినప్పటి నుంచి గొర్ల ఎంట ఉరికినోడు, వాళ్ళకు చిక్కుతాడా? మొదట వచ్చినాడు.

ఇంగ యాడ యాడ చేసినాడో ఆ ఊర్ల పేర్లు నాకు నోరు తిరగవు. హవల్దారై వచ్చినాడు. వచ్చి మళ్ళీ గొర్లే మేపినాడు. నామర్దా అనుకోల్యా. గొంగడి కప్పుకున్నా చొక్కా జేబులో పెన్ను మాత్రం ఉండాల్సిందే. చుట్టుపక్కల యా పల్లెలో మిలిట్రీలో చేసినోడు పోయినాడని తెలిసినా, దినాలు ముగిసిన మర్నాడు పోతాండె. అంత్యక్రియలకని సర్కారు రవ్వంత సాయం ఇస్తాదిలే, మిలిట్రీ వాళ్ళ ఆఫీసులో అర్జీ పెట్టల్ల. అది ఉండాదని తెలిసినోళ్ళే తక్కువ, తెలిసినా రాసుకునేటోళ్ళు ల్యాకపాయ. ఈయన పోయి రాస్తాండె. ఆయమ్మను కుర్చీ మీద కూచోబెట్టి, తాను నిలబడి, గోడకు అట్ట ఆనించి రాస్తాండె. “నువ్వూ కూచోరాదా, కాళ్ళు నొప్పి గదా” అని ఒగసారి కోప్పడితి. “సిపాయి పెండ్లాం ముందర నేను కూచోగూడదు” అన్నాడు. కాఫీ ఇస్తే తాగుతాడు, అంతే. అటువంటి మనిషి మే ఆయన. నా మొగుడని చెప్పేది కాదు, యా పల్లెలో అడిగినా ఇదే చెప్తారు.

దుడ్లు వద్దనే వాళ్ళూ ఉంటారు. “మొగుని సావుకు దుడ్లు తీసుకుంటినా” అని ఏడుస్తారు. వాళ్ళకు ఈయన ఒగటే మాట: “ఇది బిచ్చం కాదమ్మా, మర్యాద. ఆయన చేసిన పనికి సర్కారు ఒగ పూలదండ ఏసినట్ల.” అర్జీ కింద సాక్షి సంతకం కూడా ఈయనదే. సంతకం ముందు నంబరు రాస్తాడు, మిలిట్రీ నంబరు. నంబరు, హవల్దారు, ఆ కిందనే పేరు. “ఏమప్పా, పేరు మర్చిపోయినా నంబరు మర్చిపోవే” అని నేను ఎగతాళి చేస్తాంటి.

ఇట్లాంటి మనిషి ఒగ పొద్దు గొర్ల దొడ్డిలో నీళ్ళు పోస్తా పోస్తా కూలబడినాడు. నేను పోయేసరికే అయిపోయింది.

నీకు తెలుసు గదా, మాది పూడ్చే ఆచారం. పోయినోళ్ళకు ఇష్టమైంది ఎంట పెట్టి పంపుతాము. మా మామకు కంబళి, కట్టె పెట్టినాము. మా అత్తకు వక్కాకు సంచి. ఈయనకు ఏమి పెట్టల్ల? బీడీ ల్యాదు, వక్కాకు ల్యాదు. ఆయనకు ప్రాణం మిలిట్రీ వాళ్ళు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి తలగడ కింద పెట్టుకొని పండుకుంటాండె. పింఛను కాగితాలు, గుర్తింపు కార్డు, అన్నీ దాంట్లోనే. నేను ఏడుస్తా ఏడుస్తా దాన్ని తెచ్చి, ఇస్త్రీ చొక్కా తొడిగించి, జేబులో పెట్టి గుండీ ఏసినా. ఎవరూ వద్దనల్యా. “బాగా చేసినావు అక్కా” అనిరి. పెన్ను మాత్రం పెట్టల్యా. యాలనో చెయ్యి రాల్యా.

దినాలు ముగిసినాయి. మీ నాయనా నేనూ అనంతపురం పోతిమి. ఆఫీసులో ఆయప్ప మంచోడు, కుర్చీ చూపించినాడు. “పేరేమి అమ్మా” అనె. మొగుని పేరు నేనెట్ల పలికేది? “ఆంజనేయస్వామి పేరే నాయనా” అంటి. మీ నాయన చెప్పినాడు, హనుమంతు అని. ఆ పేరుతో జిల్లాలో ఎంతమందో ఉండారు, నంబరు కావల్ల, బుక్కు ఏదీ అనె. “ఆయన జేబులో పెట్టినా” అంటి. “ఆ చొక్కా యాడుండాది?” “ఆయన ఒంటి మీద.” ఆయప్ప పెన్ను కింద పెట్టేసినాడు. తిట్టలేదు మే. నీళ్ళు తెప్పించి ఇచ్చినాడు. నంబరు ఒగటి దొరికితే మిగతాది తాము చూసుకుంటామన్నాడు.

నంబరు యాడ ఉండాది? ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో రాసి ఉండేది. ఉగాదికి పాతదైపోయిందని దానికి నీలం రంగు కొట్టించింది ఎవరు? నేనే. గీకినాము, రంగుతో పాటు అదీ లేచిపాయ.

మీ నాయన రెండు దినాలు ఇల్లంతా ఎతికినాడు. మూడో దినం గడ్డపార తెచ్చి వాకిట్లో పెట్టినాడు. “అమ్మా, పింఛను కూడా ఆగిపోతాది, నీకు జరగొద్దా? పై పైనే తీస్తా, బుక్కు తీసుకొని మళ్ళీ కప్పేస్తా” అన్నాడు. వాని కండ్లలో నీళ్ళు. వాని తప్పు ఏముండాది, నా కోసరమే గదా. నేను మాత్రం ఆయన్ను పూడ్చిన మట్టి కాడికి పోయి, దాని మీద కూచుంటి. “దించరా గడ్డపార, ముందు నా మీద దించు” అంటి. ఎండ మాడ్చేస్తాండాది. నేను లేవల్యా. లోపల ఒగటే కుమిలిపోతాంటి. ఇన్ని ఇండ్లకు ఆ మర్యాద ఇప్పించినాడు, ఆయనకు మాత్రం రాకుండా చేసింది నేనే గదా, ఈ చేతులే గదా అని.

అప్పుడు వచ్చింది రామక్క. ఎవరంటే, మన పక్క పల్లెనే, ఆమె మొగుడూ మిలిట్రీనే, మూడేండ్ల కింద పోయినాడు. పలకరిద్దామని వచ్చి, ఇంట్లో ల్యాకపోతే ఈడికే వచ్చింది. ఏమక్కా ఎండలో అనె. చెప్పుకొని ఏడిస్తి. ఆమె ఎనక్కి తిరిగి ఇంటికి పాయ. ఇదేమి, ఓదార్చకుండా పాయనే అనుకుంటి. గంటకు మళ్ళీ వచ్చె, చంకలో ప్లాస్టిక్ కవరు. దాంట్లో ఆమె అర్జీ జిరాక్సు! “మీ ఆయనే చెప్పినాడక్కా, జిరాక్సు తీసి ఇంట్లో దాచుకోమ్మా, యా పొద్దు ఎవరికి పనికొస్తాదో అని” అనింది.

కాగితం కింద సాక్షి సంతకం. నాకు చదువు రాదు గానీ ఆయన రాత నాకు తెలియదా? పెండ్లైన కొత్తలో నీలం ఉత్తరాలు ఎన్ని వచ్చినాయి, తరవాత చెదలు తినె గానీ! కడపటి అక్షరానికి తోక కిందికి లాగుతాడు. ఆ తోక చూస్తానే ఆ మట్టి మీదనే బోర్లా పడి ఏడిస్తి. నంబరు ముందు, పేరు తరవాత. ఎవరి కోసరమో రాసిన సంతకం మే, నా కోసరం వచ్చింది. మీ నాయన గడ్డపార ఎత్తుకొని పోయి దొడ్లో పారేసినాడు.

మర్నాడే రామక్కనూ పిలుచుకొని అనంతపురం పోతిమి. ఆయప్ప ఆ జిరాక్సు చూసి, “ఓహో ఈయనా! ఈ సంతకం మేము ఎన్ని అర్జీల మీద చూసినామమ్మా” అని లేచి నిలబడినాడు. నిలబడినాడు మే, నా ముందర! నాకు మీ జేజినాయన మాట గుర్తొచ్చె. అర్జీకి సాక్షి ఎవరంటే, రామక్క ముందుకొచ్చి వేలిముద్ర ఏసింది. పింఛనుదీ దారికొచ్చె. సాయం బ్యాంకులో పడింది. ఎంత అని అడగొద్దు, చెప్పను పో. దాంతో గొర్లు కొందామన్నాడు మీ నాయన. వద్దంటి. బండ చెక్కిచ్చి ఆడ నిలబెట్టినాము, చూసినావు గదా. మీద నంబరు, కింద పేరు. ఇంగ దానికి ఎవడూ రంగు కొట్టల్యాడు.

నేను మొగుని పేరు పలకగూడదు గానీ, నంబరు పలకొచ్చు గదా? అది నేర్చుకున్నా. పొద్దున్నే దీపం పెట్టి మనసులో అదే అనుకుంటా. నవ్వొద్దు, గుక్క తిప్పుకోకుండా చెప్తా.

అందుకే శివన్న జేబు చూసింది. రేపు కూడా యాడ పోయినా చూస్తా. ఏడ్చే తావులో ఈ ముసిల్దానికి కాగితాల పిచ్చి అంటే అననీ, నా పొద్దు ఇంకొకతికి రాగూడదు.

దినాలు కాగానే శివన్న పెండ్లాం మన ఇంటికి వస్తాది, రమ్మని చెప్పొచ్చినా. రాసేది నువ్వే. మీ జేజినాయన పెన్ను ఆ గూట్లో ఉండాది, కొత్త రీఫిల్లు ఏయించుకో. ఆయమ్మకు మంచి కుర్చీ ఎయ్యి. నువ్వు మాత్రం నిలబడి రాయల్ల. ఊఁ, జిరాక్సు మర్చిపోవద్దు. సల్లగా నూరేండ్లు ఉండు తల్లీ. పో, ఆ కుర్చీ తుడుచుకో పో…