అయిదుకెంత

1993 ఎండాకాలం. భువనగిరికి దగ్గరలోని ఒక ఊళ్లో, పెంకుటింటి అరుగు మీద ముగ్గురు కూర్చున్నారు. కల్లు గీసే ఎల్లస్వామి తాటిచెట్టు మీది నుంచి పడి, తలకు దెబ్బ తగిలి రెండేళ్లయింది. అతని బతుకు ఇప్పుడెలా ఉందో రాసుకుపోవడానికి, అప్పట్లో వైద్యం చేసిన హైదరాబాదు దవాఖాన నుంచి హసీనా ఫారం పట్టుకుని వచ్చింది. ఆరో ప్రశ్న దగ్గర ఎల్లస్వామి భార్య అండాలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఆగు చెల్లె, ఆగు. ఆయన చెప్పింది రాయకు.”

“ఆయన్నే అడగాలక్కా. ఫారం మీద గట్లనే ఉన్నది.”

“ఏదడిగినా అయిదే అంటడాయన. తిండి ఎట్లున్నదంటివి, అయిదు. నిద్ర, అయిదు. మనసు ఎట్లున్నదంటివి, అయిదు. అయిదంటే చాన మంచిగున్నట్టని గదా నువ్వు చెప్తివి?”

“అవు. ఒకటంటే అస్సలు మంచిగ లేనట్టు.”

“మరి గాయన్ను చూస్తె నీకు అయిదు లెక్క కొడుతున్నదా?”

“నేను చూసేది గాదక్కా, ఆయనకు ఎట్లనిపిస్తదో...”

“అయిదు రాయి బిడ్డా. అయిదు.”

“ఇన్నవా? ఏమయ్యా, జర ఊకో నువ్వు. పెద్ద మనుషులు మాట్లాడుతున్నం.”

“ఉండనియ్యక్కా. అన్నా, ఇంకోటి అడుగుత. తానం చేసుడు, అంగీ తొడుక్కునుడు, ఎవ్వరి సాయం లేకుంట చేసుకుంటున్నవా?”

“చేసుకుంట.”

“ఏంది చేసుకునేది? పొద్దుగాల గుండీలు నేను వెట్టలేదా?”

“అండాలు వెడతది. మంచిగ వెడతది. అయిదు.”

“నవ్వకు చెల్లె. నువ్వు నవ్వితె ఆయన ఇంక అంటడు.”

“నవ్వుతలేనక్కా. సరే, రెండు తీర్ల రాసుకుంట. ఆయన చెప్పింది ఒక దిక్కు, నువ్వు చెప్పింది ఒక దిక్కు. డాక్టర్లు రెండూ చూస్తరు.”

“రెండూ కలవకపోతె?”

“కలవకపోతె... మనిషికి ఏమైందో ఆ మనిషికే ఎరుక లేదనుకుంటరు. తలదెబ్బ తగిలినోల్లకు గట్ల అయితదట.”

“గదే! గదే నేను మొత్తుకునేది. ఎరుక లేదు ఆయనకు. గది రాసుకో.”

“రాసుకుంట. నువ్వు చెప్పు. మనసు?”

“ఒకటి.”

“నిద్ర?”

“ఒకటి. కాదు, రెండు రాయి. నడుమల లేస్తడు గని మల్ల పంటడు.”

“బయటికి పోవుడు, నలుగుట్ల కూసునుడు?”

“నలుగుట్లనా? నేను కైకిలి కూలికి పోయినప్పుడు పక్కింటి బిక్షమ్మ చూస్తది. ఒక్కనాడు ఆమె కండ్లు తప్పిచ్చి కల్లు కాడికి పోయిండు. ఆడ ఒకడు, ‘ఎల్లస్వామీ, చెట్టెక్కుతవా’ అని నవ్విండట. ఈయన గూడ నవ్విండట. నవ్వుకుంట ఇంటికొచ్చిండు. నేను పొయ్యి వానితోని కొట్లాడొచ్చిన.”

“మంచోడు వాడు.”

“మంచోడేనయ్యా. అందరు మంచోల్లే నీకు. ఒకటి రాయి చెల్లె.”

“ఇంట్ల మాట ముచ్చట ఎట్లుంటదక్కా?”

“ఎట్లుంటది... ‘అన్నం తిన్నవా అండాలు’ అంటడు. తిన్న అంట. గడియ సేపు ఆగి మల్ల అడుగుతడు. మల్ల చెప్త. మల్ల అడుగుతడు. ఎండల పని చేసొచ్చి ఉంట, పాణం ఇసుగుతది. ఒకనాడు గిన్నె ఇసిరిన ఆయన మీదికి.”

“నాకు తగల్లే.”

“తగల్లేదయ్యా. అవు, తగల్లేదు.”

“ఇంకోటున్నదక్కా. ‘దెబ్బ తగలక ముందటి బతుకుతోని చూస్తే ఇప్పుడు ఎట్లున్నది’ అని.”

“ముందటనా? ముందట రాజు తీరుగుండె. చెట్టెక్కె మోకు భుజానేసుకొని పోతుంటె మనిషిని చూడాలె. దినాం పన్నెండు తాటిచెట్లు, పొద్దుగాల ఒకసారి, మాపు ఒకసారి. చెట్టు మీదికెల్లి పాట ఎత్తుకుంటె కలుపు తీస్తున్న మా అందరికి ఇనొచ్చేది. నన్ను ఆడోల్లు ఎక్కిరించేది, నీ మొగడు పిలుస్తుండు పో అని. గిప్పుడు... ఒకటి గూడ ఎక్కువే. నీ కాయిదంల సున్నా లేదా?”

“లేదక్కా. ఒకటి నుంచే మొదలు. అన్నా, నువ్వు చెప్పు. పడక ముందటికంటె ఇప్పుడు నీ బతుకు ఎట్లున్నది?”

“ఇప్పుడే మంచిగున్నది.”

“ముందటికంటెనా?”

“ముందటికంటె.”

“ఇన్నవా? ఇంక దీన్ని గూడ రాస్తవా?”

“రాయాలక్కా. పిల్లలెంతమంది మీకు?”

“లేరు.”

“దవాఖాన పాత కాయిదాలల్ల ఒక బిడ్డ ఉండెనని...”

“ఏమయ్యా, కోళ్లకు గింజలెయ్యలే ఇయ్యాల. పెరట్ల చాటల ఉన్నయి, ఏసి రాపో. మెల్లగ. గడప చూసుకో. ఆఁ, గట్ల, గోడ పట్టుకొని పో.”

“తప్పు అడిగిన్నా అక్కా?”

“తప్పు నీది గాదు. పోయిండు, ఇప్పుడు ఇను. ఒక్కతే బిడ్డ. చంద్రకళ. తొమ్మిదేండ్లు. ఆయన పడుటానికి మూడు నెల్ల ముందు మెదడు జ్వరం వచ్చింది. భువనగిరికి కొంచవోతుంటె బస్సుల నా ఒళ్లనే పోయింది.”

“యా అల్లా.”

“గా మూడు నెల్లు ఆయన నోరు తెరవలే. ఒక్క చుక్క కన్నీరు వెట్టలే. చెట్టెక్కుడు, దిగుడు. ఏడిస్తెనన్న నయముండు అనుకున్న. ఇంతల్నే గిట్ల పడె. దవాఖానల తెలివొచ్చినంక, చంద్రకళేది అని అడుగుతడేమోనని గుండె చేతుల వట్టుకొని కూసున్న. అడగలే. నెల పోయె, ఆరు నెల్లు పోయె, ఒక్కసారన్న పేరెత్తలే. పెద్ద డాక్టరును అడిగిన. యాది పోయి ఉంటది, మీరు గుర్తు చెయ్యకున్రి అన్నడు. ఇంటికొచ్చెటాల్లకు పిల్ల బట్టలు, పలక, అన్ని మా అన్నోల్లింట్ల వెట్టిచ్చిన. ఊరందరికి దండం వెట్టి చెప్పిన, ఆయన ముంగట ఆ పేరు తియ్యకున్రని.”

“మంచి పనే చేసినవక్కా.”

“ఆయనకు మంచి. కడుపుల శోకం లేదు. నాకో? గా పిల్లను కన్నది ఇద్దరం చెల్లె. ఏడ్వనీకి నేనొక్కదాన్నే మిగిలిన. అది ఎట్ల నవ్వుతుండెనో, ఎట్ల అలుగుతుండెనో, ‘గట్లనే గదా’ అని ఒక మాట అననీకి ఇంట్ల ఇంకో మనిషి లేడు. నీ ఫారంల దీనికి జాగా ఉన్నదా?”

“లేదక్కా.”

“మీ దవాఖానల మందన్న ఉన్నదా?”

“లేదు.”

“మరి ఎందుకొచ్చినవు చెల్లె గింత దూరం?”

“ఇట్లాంటోల్లు ఇంటికి పోయినంక ఎట్ల బతుకుతున్నరో డాక్టర్లకు తెల్వాలని. ఇంక మీద దెబ్బ తగిలెటోల్లకు అక్కరకొస్తదని. మీకైతె ఏం రాదక్కా. నాది కల్వకుర్తి, మన దిక్కు దాన్నే. నీకు అబద్ధం చెప్పి పోలేను.”

“నయం, నువ్వన్న చెప్పలేదు. అగో, వస్తున్నడు. కండ్లు తుడుచుకోనియ్యి.”

“అండాలూ, కోళ్లు తిన్నయి.”

“తిన్నయా? కూసో గీడ.”

“నువ్వు తిన్నవా?”

“తిన్న.”

“ఏడ్సినవా?”

“కండ్లల్ల పొగ వోయిందయ్యా. చెల్లె, ఎండల వడి వచ్చినవు, సల్ల తాగుదువు. బిక్షమ్మ ఇంట్ల చిలికినట్టున్నది, చెంబుల పోపిచ్చుకొస్త. ఈయన్ను అరుగు దిగనియ్యకు, ఫికర్ చెయ్యకు, ఏమనడు.”

చెంబు తీసుకుని వీధిలోకి దిగిన అండాలు మూల తిరిగేదాకా ఎల్లస్వామి అటే చూశాడు.

“పోయిందా బిడ్డా?”

“పోయిందన్నా. ఇప్పుడే వస్తది.”

“పొయ్యి... పొయ్యి ఎలగలే ఇంక.”

“ఏందన్నా?”

“పొగ అన్నది. పొయ్యే ఎలగలే. ఏడ్సింది.”

“అవునన్నా. ఏడ్సింది.”

“చంద్రకళకు.”

“అన్నా! నీకు... నీకు యాదికున్నదా?”

“మాట జల్ది రాదు నాకు. ఎతకాలె. పేరు ఉన్నది. ముందటి పన్ను... సగం ఇరిగి ఉంటుండె. నవ్వితె చెయ్యి అడ్డం వెట్టుకునేది.”

“మరి అక్కతోని ఎన్నడు అనలేదేంది? రెండేండ్ల సంది ఆమె ఒక్కతే...”

“ఎరుకే.”

“ఎరుకుండి ఎట్ల ఊకున్నవన్నా? ఇయ్యాలన్న చెప్పు. రాంగనే చెప్పు. నువ్వు ఆ పిల్ల పేరు ఒక్కసారి తీస్తె చాలు ఆమెకు. నేను గూడ ఉంట, భయపడకు.”

“చెప్తె అడుగుతది.”

“ఏమడుగుతది?”

“పిల్ల యాదికున్నదంటె... అన్ని యాదికున్నయా అని అడుగుతది. గా దినం గూడ అడుగుతది.”

“నువ్వు పడ్డ దినమా?”

“ముందటికంటె ఇప్పుడు మంచిగున్నదన్న గదా. గది నిజం బిడ్డా. కొట్టెయ్యకు.”

“కొట్టెయ్యనన్నా. గని గా దినం అడిగితె ఏమైతది? కాలు జారింది, పడ్డవు. దాంట్ల దాచేదేమున్నది?”

“వస్తున్నదా?”

“మూల మీదున్నది, ఎవరితోనో మాట్లాడుతున్నది. చెప్పన్నా.”

“ఆమెకు చెప్పవు గదా?”

“చెప్పనన్నా.”

“పడ్డది నాకు యాదికి లేదు బిడ్డా. గని గా పొద్దుగాల... దిగొద్దనుకునే ఎక్కిన.”