జుస్సారా పై వరస పళ్ళు

హలో… ఆఁ, నేనే, డల్వానే. చెప్పు తమ్ముడూ, జెనివాల్… వినిపిస్తూనే ఉంది, అంత అరవకు. వెనక ఆ పాటల గోల ఏమిటి?… టర్సీజియోదా? కౌన్సిల్‌కు నిలబడ్డవాడి పాట పొద్దున్నే మా వీధిలోకీ వచ్చింది, నువ్వు మళ్ళీ వినిపించనక్కర్లేదు. సంగతేమిటో చెప్పు.

…జావా?

మొక్కజొన్న జావ ఎందుకు? ఎవరికి ఒంట్లో బాగాలేదు?… జుస్సారాకా? జ్వరమా?… కాదు. మరి?… పలుకు లేకుండా, పల్చగా, చల్లార్చి. వారం పాటు. ఊఁ… నీ కూతురు నిన్న సాయంత్రం నా ఎదురుగా కూర్చుని, నొప్పి లేని వైపు పళ్ళతో కాల్చిన జున్ను కొరుక్కు తిన్నది. ఇవాళ జావ ఎందుకు తాగవలసి వచ్చింది?

— నిదానంగా. మళ్ళీ చెప్పు.

పై వరసా?

పై వరస మొత్తమా?

…జెనివాల్, నేను మాట్లాడేది శ్రద్ధగా విను. ఆ పిల్ల నోట్లో పాడైంది ఒక్క పన్ను. ముందు పళ్ళలో ఎడమ పక్కది. మిగతావి ఏం పాపం చేశాయి?… ఆ “ఎలాగూ” అన్న మాట నా దగ్గర వాడకు. ఎలాగూ పోయేవేనని ఇప్పుడే పీకించడమైతే, నీ తల కూడా ఎలాగూ పోయేదే. ఇవాళే తీయించుకుంటావా?

ఎక్కడున్నారు మీరు?… చర్చి ముందర, టర్సీజియో గుడారంలో. అంటే ఎన్నికల గుడారంలో. ఒక్క మాట చెప్పు: కుర్చీలో కూర్చోబెట్టారా?… ఇంకా లేదు. ముందు జనం ఉన్నారు. సరే. దేవుడు ఆ జనాన్ని చల్లగా చూడాలి.

మరి గురువారం సంగతి?… గురువారం ఏమిటని నన్ను అడుగుతున్నావా! పట్నంలో సర్కారు పంటి ఆసుపత్రిలో దానికి రూట్ కెనాల్ చేస్తామని రోజు ఇచ్చారు. ఆ రోజు సంపాదించడానికి ఇక్కడి ఆరోగ్య కేంద్రం గుమ్మంలో ఎన్ని ఉదయాలు పడిగాపులు కాశానో నీకు తెలుసు. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, వేరు గట్టిగా ఉంది, ఈ పన్ను నిలుస్తుంది అని నీ మొహం మీదే చెప్పింది. నువ్వు తల ఊపావు. ఆ తల ఎవరిది?

…నొప్పి. ఏం నొప్పి?… నరాన్ని కొక్కెంతో పట్టి లాగుతారా! ఎవరు చెప్పారు నీకు?… అందరూ. అందరూ అంటే ఎవరూ కాదు. మత్తు సూది ఇస్తారయ్యా. ఆ గుడారంలో పన్ను పీకే ముందు ఇచ్చేదీ అలాంటి సూదే. పీకడానికి పనిచేసే మందు బాగుచేయడానికి పనిచేయదా? పోయిన నెలలో ఆ పిల్ల దిండు కొరుక్కుంటూ ఏడ్చింది చూశావే, ఆ నొప్పి వైద్యానిది కాదు. పంటి లోపల వాచి కుళ్ళుతున్న నరానిది. వైద్యం దాన్ని తీసేయడానికి. జనం నొప్పితో వెళ్ళి, వైద్యానికి ఆ నొప్పిని అంటగట్టి వస్తారు.

— తగ్గిందా? అవును, తగ్గింది. లోపలి నరం చచ్చిపోయింది కనుక తగ్గింది. తగలబడుతున్న ఇంట్లో కేకలు ఆగిపోతే మంట ఆరిపోయిందని నువ్వు ఇంటికి వెళ్ళి పడుకుంటావా? చీము వేరు కొసకు దిగుతోంది. మాత్రలు వేస్తే వాపు తీస్తుంది. కానీ ఆ మందు రక్తంతోపాటు వెళ్ళాలి, చచ్చిన చోటికి రక్తం వెళ్ళదు. అందుకే లోపలికి మనిషి చేయి వెళ్ళి శుభ్రం చేయాలి.

…వేరు పీకరు. ఎన్నిసార్లు చెప్పాలి? పేరు విని ఊహించుకున్నది చాలు. వేరు లోపల సన్నటి దారి ఉంటుంది. అందులోని కుళ్ళిన గుజ్జు తీసి, కడిగి, నింపి, మూసేస్తారు. వేరు ఎముకలో ఎక్కడిదక్కడే ఉంటుంది. దాన్ని ఉంచడం కోసమే ఇంత శ్రమ. వేరు పీకేది నీ టర్సీజియో.

ఇప్పుడు మీ పక్కింటి ఇరాసీ ఎందుకు వచ్చింది మధ్యలో?… చచ్చిన పన్ను నోట్లో ఉంటే గుండెకు విషం ఎక్కుతుందా. ఇరాసీ తమ్ముడు అలాగే పోయాడా… జెనివాల్, ఇరాసీ తమ్ముడు రోజంతా పొగాకు చుట్ట నోట్లోంచి తీయలేదు, పంది కొవ్వు లేనిదే ముద్ద దిగేది కాదు. పాపం అతని పన్ను ఒక్కటే దొరికిందా నింద మోయడానికి? ఆ మాట ఇరాసీ సొంతం కూడా కాదు. నూరేళ్ళ నాటి మాట. ఆ రోజుల్లో కొందరు డాక్టర్లు నమ్మి, మంచి పళ్ళు కుప్పలు కుప్పలుగా పీకేశారు. తరవాతి వాళ్ళు పరీక్షించి చూశారు, ఆధారం లేదని తేల్చి వదిలేశారు. పుస్తకాల్లోంచి పోయింది కానీ ఇరాసీ అరుగు మీద మాత్రం పదిలంగా ఉంది… చచ్చిన పన్ను అనకు. బయటి నుంచి చిగురూ ఎముకా దాన్ని పట్టుకునే ఉంటాయి. నములుతుంది. విషం కావాలంటే, వైద్యం చేయకుండా వదిలేసిన చీము ఉంది చూడు, దాన్ని అను.

…ఆఁ. ఇదీ అసలు మాట. ఇంతసేపూ ఇరాసీనీ గుండెనూ తిప్పి ఇప్పటికి చెప్పావు. జుస్సారా పెళ్ళి ఫోటో. ఒక్కటి నల్లబడి మిగతావి పసుపుగా ఉంటే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఏమనుకుంటారు? కట్టుడువైతే అన్నీ ఒక్క తీరున తెల్లగా, పింగాణీ గిన్నెల్లా మెరుస్తాయి. పైగా టర్సీజియో ఊరికే ఇస్తున్నాడు… పై వరస ఇప్పుడు, కింది వరస గెలిచాక!

నవ్వడం లేదు నేను. ఊపిరి తీసుకుంటున్నాను.

అతను ఓడిపోతే నీ కూతురు సగం నోటితో కాపురం చేస్తుందన్నమాట… నిజంగా అడుగుతున్నాను, కొలత ఎవరు తీసుకున్నారు?… బుట్టలో సెట్లు చాలా ఉన్నాయి, సరిపోయేది చూసుకోవచ్చు. చెప్పుల దుకాణంలో లాగ. పళ్ళు పీకిన చిగురు పుండు మాని, కుదించుకుని, ఒక రూపానికి రావడానికి నెలలు పడుతుంది. ఇవాళ బిగుతుగా కూర్చున్న సెట్టు క్రిస్మస్ నాటికి గ్లాసులో చెంచాలా ఆడుతుంది. అప్పుడు టర్సీజియో ఎక్కడ ఉంటాడు? కౌన్సిల్‌లో ఏసీ కింద, తన సొంత పళ్ళతో.

…నాన్న.

నాన్న సంగతి ఎత్తావు. సరే.

అవును, ఆ రోజుల్లో తండ్రి అన్నవాడు పెళ్ళికి ముందు కూతురి పళ్ళన్నీ తీయించి కొత్తవి పెట్టించి పంపేవాడు. అల్లుడికి మున్ముందు పంటి ఖర్చుల బెడద ఉండకూడదని. అది కానుక. ఊరంతా మెచ్చుకునేది… నాకూ అంతే చేశాడు. నిజమే… ఏమన్నావు? ఆ తరవాత నాకు ఎన్నడూ పంటినొప్పి రాలేదా?

ఉంటే కదరా రావడానికి.

ఇంతసేపూ నువ్వు మాట్లాడావు. ఇప్పుడు నేను చెబుతాను. అప్పటికి పద్దెనిమిదేళ్ళ దాన్ని. నా పళ్ళలో ఒక్కటీ పుచ్చలేదు. సంతకు వచ్చిన పళ్ళు పీకేవాడి ముందు నాన్న నన్ను కూర్చోబెట్టి, నా చేయి పట్టుకుని నిలబడ్డాడు. ప్రేమతోనే చేశాడు. అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు. నీ ఇంటి గోడకు నా పెళ్ళి ఫోటో ఉంది. చూసినవాళ్ళందరూ డల్వా ఎంత చక్కగా నవ్వుతోందో అంటారు. అది నవ్వు కాదు జెనివాల్. పై సెట్టు జారి పడకుండా నాలుకతో నొక్కి పట్టుకున్నాను.

ఇన్నేళ్ళు పాఠం చెప్పాను. గొంతెత్తి చదవవలసిన చోటల్లా మెల్లగా చదివాను. పిల్లలు దాన్ని గాంభీర్యం అనుకున్నారు. మీ బావ పోయే దాకా దీపం ఆర్పనిదే పళ్ళు తీయలేదు. ఆయన నా అసలు మొహం ఒక్కసారి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. ఇదీ నాన్న ఇచ్చిన కానుక. నువ్వు దాన్ని నా మేనకోడలికి సంక్రమింపజేస్తున్నావు, అదీ ఒక ఓటు కోసం.

…ఏడవకు. నీ కన్నీళ్ళతో నాకు పని లేదు. ఫోన్ జుస్సారాకివ్వు.

ఇవ్వు అన్నాను.

…

జుస్సారా? అత్తనమ్మా… విన్నావా? ఎంతవరకు విన్నావు?… సరే, మంచిదే. నీకు ఇష్టమేనా ఇది? నాన్నకు కాదు, నీకు… భయమా. దేనికి భయం, గురువారానికా, ఇవాళ్టికా?… రెంటికీ. అలా నిజం చెప్పు, అందుకే నువ్వంటే నాకు ఇష్టం.

గురువారం ఏం జరుగుతుందో చెబుతాను, తేనె పూసి చెప్పను. సూది చురుక్కుమంటుంది. పెదవి మొద్దుబారి ఎవరిదో అన్నట్టు ఉంటుంది. పన్ను చుట్టూ రబ్బరు గుడ్డ కడతారు. నోరు తెరిచి తెరిచి దవడ పీకుతుంది. బహుశా రెండోసారి కూడా రమ్మంటారు. నాలుగు రోజులు కొరికితే సలుపుతుంది. అన్ని పళ్ళనూ ఇలా కాపాడలేరు, అదీ నిజమే. కానీ నీ పన్ను నిలుస్తుందని చూసినామె చెప్పింది. నల్లదనం సంగతి తరవాత చూడవచ్చు, దానికీ మార్గాలున్నాయి. పీకిన పన్నుకు ఏ మార్గమూ లేదు.

…ఆఁ, క్లారినెట్. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. ఊరి బ్యాండులో ముందు వరసలో కూర్చుంటావు కదా, వాద్యం మూతిని దేనితో అదిమి పట్టుకుంటావు?… చెప్పు, నోటితో చెప్పు… పై పళ్ళతో. బుట్టలో దొరికిన సెట్టుతో ఊది చూడు. స్వరం కంటే ముందు పళ్ళు బయటికి వస్తాయి.

…నవ్వు, నవ్వు. ఇప్పుడు నవ్వింది నీ పళ్ళతోనే కదా.

— ఎవరు పిలుస్తున్నారు?… నీ పేరేనా? కుర్చీ ఖాళీ అయిందా?… ఊరంతా చూస్తోందని సిగ్గా? చూడనీ. లేచి వెళ్ళిపోయిన పిల్ల గురించి వారం మాట్లాడుకుంటారు. పళ్ళు లేని పిల్ల గురించి అసలు మాట్లాడుకోరు, అలవాటు పడ్డారు కనుక. ఫోన్ చెవి దగ్గరే ఉంచు. లే.

లేచావా?

…ఎవరతను?… టర్సీజియో మనిషి. భుజం మీద చేయి వేశాడా? తీయమను. గట్టిగా అను, నాకు వినపడాలి.

ఆఁ. వినపడింది.

నడువు… వెనక్కి చూడకు… అది మీ నాన్న గొంతా? ఏమంటున్నాడు?… “ఆగు” అంటున్నాడా, “పో” అంటున్నాడా?… “ఉండు, మోటారుసైకిలు తెస్తాను” అంటున్నాడా.

…ఊఁ.

సరే. ఎక్కు. మా ఇంటికి రా, వాడినీ రమ్మను. వాడితో ఇవాళ మాట్లాడను, కానీ అన్నం పెడతాను.

…జావా? జావ పెట్టనని చెప్పు మీ నాన్నకు. మేక పక్కటెముకలు నిప్పుల మీదికి ఎక్కిస్తున్నాను. కుడి పక్కన నములు, ఎడమ పక్కదాన్ని గురువారం దాకా కదిలించకు.

…నాకా? నాది ఎప్పటిలాగే, వేరే గిన్నెలో మెత్తగా ఉడుకుతోంది.

ఫోన్ పెట్టెయ్యి, బండి మీద రెండు చేతులతో పట్టుకో.