రెండో ఈల

ఆదివారం, పన్నెండుకి ఇరవై నిమిషాలు తక్కువ. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, దాని ముందు భర్త. వెనకాల గాజు అలమరా తుడుస్తూ భార్య.

"అది కాదోయ్, ఒకటి ఉన్నవాడికి రెండోది ఎందుకూ అంటే ఏం చెప్పను? రెండోది ఉండకూడదనే!"

"ఉండకూడదనుకున్నదాన్ని ఎవరైనా కొంటారా?"

"కొంటేనే ఉండకుండా పోతుంది. కొని, మోకాలికి ఆనించి, ఠప్పున విరిచేస్తాను."

"మోకాలా?"

"గ్రామఫోను ప్లేటు! మోకాలు విరిస్తే ఎవడికి లాభం?"

"ప్లేటు విరిస్తే ఎవరికి లాభం?"

"నాకు. విను. పూర్వం ఒక తంతి ఆఫీసు గుమాస్తా ఉండేవాడు. సొంత ఖర్చుతో పన్నెండు ఈల పాటలు ప్లేటు కొట్టించుకున్నాడు. వంద అచ్చయ్యాయి. గోదాము తగలబడి..."

"తొంభై తొమ్మిది కరిగిపోయాయి, మిగిలిన ఒక్కటీ పదేళ్ళ కిందట మన అలమరాలోకి వచ్చింది. ఈ ముక్క ఇంటికి పాలు పోసేవాడికి కూడా తెలుసు. మొన్న వాళ్ళావిడకి చెబుతున్నాడు."

"చూశావా మరి, కీర్తి! అందుకే కదా రికార్డు క్లబ్బులో నన్ను 'ఏకైక' అంటారు. ఈ ఆన్‌లైన్ వేలంలో కూడా నా పేరదే. ఇప్పుడెవడో అటక మీద దొరికిందంటూ రెండోది తెచ్చి వేలానికి పెట్టాడు. రెండోది ఉంటే నేను ఏకైక ఎలా అవుతాను?"

"ఒక్కళ్ళు ఈల వేస్తే ఇంత గోలా!"

"ఈలా గోలా జంటపదాలు, విడదీయకూడదు. ఎంతయింది, ఇరవై ఒక్క వేలు. నేనే పైన ఉన్నాను."

"ఆ వంటింట్లో కుక్కరు మూడే మూడు ఈలలేసి అన్నం పెడుతుంది. ఈయన పన్నెండు వేసి ఏం పెట్టాడు?"

"పాట పెట్టాడు! పాట కోసం పాట పాడుతున్నాను నేను. వేలంలో పాడేదాన్ని కూడా పాటే అన్నారంటే మన పెద్దవాళ్ళు ఎంత రసికులో చూడు."

"పాట మీది, పాట్లు నావి. ఇంకా ఎవరు పాడుతున్నారు?"

"ముగ్గురుండేవాళ్ళు. ఇద్దరు గొంతు సవరించుకుని తప్పుకున్నారు. మిగిలింది 'సూదిమందు'."

"అదేం పేరు?"

"ఇంకెవరు, మన క్లబ్బు పళ్ళ డాక్టరు. దొంగపేరుతో వచ్చాననుకుంటున్నాడు. సూది రికార్డుకీ ఉంటుంది, చిగుళ్ళకీ ఉంటుంది. తెలివి! ఇరవై రెండు అన్నాడు. చూశావా, నా పంటి కింద రాయి ఎవడయ్యా అంటే పళ్ళ డాక్టరు!"

"ఆయనకే వస్తే రానివ్వండి. ఆయనదొకటి, మీదొకటి. ఇద్దరూ 'ద్వైక' అని పెట్టుకోండి."

"అంత తేలిగ్గా తీసెయ్యకు. వాడికి వస్తే ఏమవుతుందో తెలుసా? వచ్చే ఆదివారం క్లబ్బంతటినీ వెంటబెట్టుకుని మనింటికొస్తాడు. మా క్లబ్బు అధ్యక్షుడు జడ్జిగారిని ముందే ఒప్పించాడు. ప్లేటు మధ్యలో లేబులు చుట్టూ నున్నటి జాగా ఉంటుంది చూశావూ, అందులో ఫ్యాక్టరీవాళ్ళు చేత్తో ఒక అంకె చెక్కుతారు. వాడిదీ నాదీ పక్కపక్కన పెట్టి, ఏది ముందు అచ్చయిందో భూతద్దంతో చూస్తారట."

"మీది కవర్లోంచి బయటికి తీసా?"

"తియ్యకుండా ఎలా చూస్తారు?"

"తియ్యాల్సిందేనా?"

"జడ్జిగారి తీర్పు మరి."

"పదేళ్ళుగా గాలి తగలకూడదు, వెలుతురు తగలకూడదు అని, కవరు మీద ఇంకో కవరు తొడిగి, నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు కదా మీరు?"

"ముట్టుకోకూడదు. అందుకే అంటున్నాను, ఇది వాడికి పోకూడదు. నాకే వస్తే పోల్చడానికి రెండోది ఎక్కడుంటుంది, ఎవడొస్తాడు?"

"పోకూడదు."

"ఏంటి?"

"పోకూడదంటున్నాను. పాడండి."

"...నువ్వేనా?"

"ఇరవై రెండు మీద ఆయన కూర్చునుంటే మీరు నా మొహం చూస్తారేం? పాడండి."

"పాడాను. ఇరవై మూడు. కుక్కరు ఈల వేస్తోంది."

"వెయ్యనివ్వండి."

"మూడయ్యాయి."

"అడుగంటితే అంటనివ్వండి. టైమెంతుంది?"

"నాలుగు నిమిషాలు. కానీ ఆఖరి రెండు నిమిషాల్లో ఎవరు పాడినా గడియారం మళ్ళీ రెండు నిమిషాలు వెనక్కెళ్తుంది. ఒక్కోసారి పన్నెండుకి ముగియాల్సింది ఒంటిగంటన్నరదాకా ముగిసీ ముగియక... ఇరవై నాలుగు! అదుగో, మళ్ళీ సూది గుచ్చాడు."

"మీరూ గుచ్చండి."

"ఇరవై అయిదు. ఇదే నా ఆఖరి మాట. ఇంతకి దాటకూడదని పొద్దున దేవుడి ముందు అనుకున్నాను."

"దేవుడికి నేను చెప్పుకుంటాను."

"అసలు నీకేమయింది ఇవాళ? పోయినసారి వెయ్యి రూపాయల ప్లేటు కొంటే మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడావు, అది ఇంకా ఘోరం."

"మీ పరువు నా పరువు కాదా?"

"పరువా?"

"నలుగురొచ్చి కవరు విప్పి... అంటే, గాలి తగిలి పాడైపోతే? అలాంటివి సున్నితం అంటారు కదా మీరే."

"అంటాను, అంటాను. చాలా సున్నితం. విప్పకూడదు. ఇరవై ఆరు. అన్నాడు! వీడి దుంపతెగ, ఎన్ని పళ్ళు పీకితే ఇరవై ఆరు వేలొస్తాయి?"

"ఇరవై ఏడు అనండి."

"నా దగ్గర లేవు."

"ఫ్రిజ్జు కోసం దాచినవి ఉన్నాయిగా."

"ఫ్రిజ్జా? మూడేళ్ళుగా అడుగుతున్నావు! నిన్న కూడా పెరుగు పులిసిందని నన్ను..."

"పులిసిన పెరుగు ఒంటికి మంచిది. టైమెంత?"

"నిమిషం పది. ఆలోచించనీ."

"ఆలోచించడానికి ఇది పెళ్ళా? జరగండి."

"ఏయ్, వేలు పెట్టకు! ఇక్కడ వేలు పెడితే వేలు పోతాయి, వేలమంటేనే అది. ఒక్కొక్క వెయ్యే పెంచాలి, మెల్లగా, ఎదుటివాడికి విసుగొచ్చేదాకా... ఏం నొక్కావు?"

"ముప్పై అయిదు."

"ముప్ఫయ్యా! అయిదా! ఇరవై ఆరుకి ముప్పై అయిదా? వేలంవెర్రి అంటే విన్నాను కానీ ఇంట్లోనే చూస్తాననుకోలేదు!"

"పన్ను పీకేటప్పుడు ఆయన రోజుకి కొంచెం చొప్పున లాగుతాడా? ఒక్క లాగు."

"తొమ్మిది వేలు ఎగరేశావు!"

"కదిలాడా?"

"కదల్లేదు. మళ్ళీ ఇచ్చిన రెండు నిమిషాల్లో ఇంక నలభై సెకన్లే. నోరు తెరుచుకుని ఉంటాడు, తన కుర్చీలో తనే. ముప్పై. ఇరవై. ఊపిరి తీసుకోకు, వేలంవాళ్ళకి వినపడుతుంది. పది. ఆరు. మూడు..."

"వచ్చిందా?"

"వచ్చింది! 'అభినందనలు, ఏకైక గారూ' అంటున్నాడు! నేనే, నేనే! ఒక్కడినే!"

"అమ్మయ్య. ఇంక ఎవరూ రారుగా?"

"ఎందుకొస్తారు? ఆ, నువ్వు కుక్కరు చూడు... వద్దులే, ఆగు, ఫోను. వాడే. హలో డాక్టరుగారూ! నమస్కారం. ఆఁ, నేనే. మీరెవరో నాకు తెలీదనుకున్నారా? నొప్పిగా ఉందా? ఉంటుంది, మత్తు లేకుండా పీకాం కదా. ఏం చేస్తానా? విరిచేస్తాను. నమ్మరా? మీ కళ్ళ ముందే విరుస్తాను. ఎప్పుడేంటి, వచ్చే ఆదివారమే. శుక్రవారానికి పార్శిలొస్తుంది. జడ్జిగారిని కూడా తీసుకురండి, సాక్షులు ఉండాలి. కాదు కాదు, పోల్చడాలూ భూతద్దాలూ లేవు. మీరు ఆ గోడ దగ్గర కూర్చుంటారు, నేను ఈ గోడ దగ్గర విరుస్తాను. ఫలహారాలుంటాయి. మీ పళ్ళు గట్టివైతే రండి. ఉంటాను."

"వాళ్ళని మీరే పిలిచారా?"

"చూడ్డానికే. ముట్టుకోవడానికి కాదు."

"ఎందుకు పిలిచారు? రాకూడదనే కదా నా ఫ్రిజ్జు పెట్టాం!"

"కీర్తి అంటే నలుగురు చూడాలి కదే. ఒంటరిగా విరుచుకుంటే పిచ్చివాడంటారు. నలుగురి ముందు విరిస్తే చరిత్ర అంటారు."

"విరవొద్దు."

"మాటిచ్చాను."

"వేరేదేదైనా విరవండి. కుర్చీ విరవండి. దానిది ఎలాగూ ఒక కాలు ఊగుతోంది."

"కుర్చీ చూడ్డానికి జడ్జిగారొస్తారా? ప్లేటే విరవాలి. ఏదో ఒకటి విరుస్తాను."

"ఏదో ఒకటేంటి?"

"అదే, అదే, వచ్చినది. వచ్చినదాన్నే అన్నాను. ఏదో ఒక విధంగా విరుస్తానన్నాను. నువ్వు మాటకి మాట పట్టుకోకు."

"మీరు పార్శిలు విప్పకండి. నేను విప్పుతాను."

"నేనే విప్పాలి. తలుపు వేసుకుని. అంటే, దుమ్ము పడకుండా."

"విరిచేదానికి దుమ్ము పడితే ఏం?"

"శుభ్రంగా విరవాలి కదా!"

"చూడండి. నేను పెళ్ళయ్యాక మిమ్మల్ని ఒక్కటైనా గట్టిగా అడిగానా?"

"ఫ్రిజ్జు."

"అది మెత్తగా అడిగాను. ఇది గట్టిగా అడుగుతున్నాను. విరవొద్దు. దాన్ని విరిస్తే ఇంక లోకంలో ఒక్కటి కూడా మిగలదు."

"ఒకటి మిగులుతుంది, అలమరాలో. లెక్క తెలీదా?"

"మిగలదు."

"ఎందుకు మిగలదు?"

"మీరు కూర్చోండి ముందు."

"కూర్చునే ఉన్నాను."

"అయితే నేను కూర్చుంటాను. కాదు, నుంచునే చెప్తాను. కూర్చోవడంతోనే వచ్చింది ఇదంతా."

"నాన్చకు. రెండు ముక్కల్లో చెప్పు."

"రెండు ముక్కలే."

"ఏవి?"

"నాలుగేళ్ళ కిందట మీరు ఆఫీసు పని మీద ఊరెళ్ళారు. పై అరలో సాలెగూడు కనపడితే స్టూలెక్కి దులిపాను. కవరు జారింది. ప్లేటు బయటికొచ్చి సోఫా మీద పడిందిట, నాకు తెలీదు. కింద వెతుకుతున్నాను. మంచం కింద, కుర్చీ కింద. దొరకలేదు. అలసిపోయి సోఫాలో కూర్చున్నాను."

"కూర్చున్నావా?"

"ఠప్పుమంది. మీరు మోకాలితో చేద్దామనుకున్నది, నాలుగేళ్ళ ముందే నేను చేసేశాను."

"ముక్కలేం చేశావు?"

"పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. అక్కయ్యా, ఇది ప్లాస్టిక్కా అని అడిగాడు. ఏడుపొచ్చింది."

"మరి కవర్లో ఉన్నది?"

"మా వదిన పారెయ్యమని ఇచ్చిన వ్యాయామం ప్లేటు. 'చేతులు పైకి, చేతులు కిందికి.'"

"పోయిన నెల క్లబ్బు సమావేశానికి పట్టుకెళ్ళి, అందరి చేతా దూరం నుంచి దణ్ణం పెట్టించాను!"

"చేతులు పైకే పెట్టారుగా. సరిపోయింది."

"నాలుగేళ్ళు!"

"తిట్టండి. ఒక్కసారిగా తిట్టెయ్యండి, వాయిదాల మీద వద్దు. మీరు కవరు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా వంటింట్లోకి పారిపోయేదాన్ని. రోజూ ఈ అలమరా నేనే ఎందుకు తుడుస్తున్నాననుకున్నారు? పనిమనిషిని దగ్గరికి రానివ్వకుండా? అందుకే వాళ్ళొచ్చి కవరు విప్పుతారనగానే, ఆ రెండోదాన్ని దేవుడే పంపించాడనుకున్నాను. మీరు కొంటే, పార్శిలు నేను విప్పితే, ఎలాగో దాన్ని ఇందులో పెట్టేసి, వ్యాయామాన్ని మీ మోకాలికి అప్పజెబుదామని. మీరేమో తలుపేసుకుని మీరే విప్పుతానంటున్నారు. ఏదో ఒకటి అనండి. మీరు మాట్లాడకుండా ఉంటే నాకు భయం. అలవాటు లేదు."

"నువ్వు కూర్చున్న ప్లేటుకి లేబులు ఏ రంగు?"

"ఇప్పుడు రంగెందుకు?"

"చెప్పు."

"ఎరుపు."

"బాగా గుర్తుందా?"

"రోజూ కలలోకొస్తుంటే గుర్తుండదా? ఎర్ర లేబులు, అంచున చిన్న చిరుగు, ఒక ముక్క మీద సగం, ఇంకో ముక్క మీద సగం."

"ఎరుపే?"

"ఎరుపే. ఎందుకండీ, మొహం అలా పెట్టారు?"

"ఈల ప్లేటుది నీలం."

"నీలమా? మరి నేను కూర్చున్నదేంటి?"

"టైపు పాఠాలు, మొదటి భాగం. నేనే పెట్టాను దాన్ని ఆ కవర్లో, కొన్న మూడో నెలలో అసలుదాన్ని కారు వెనక సీట్లో ఎండకి మరిచిపోయి, అది చిప్పలా వంగిపోయాక."