మూడోసారి చూసిన గూఢచారి

తెనాలిలో మళ్లీ వేసిన పాత గూఢచారి సినిమాకు ఆమె పక్కింటి విజయమ్మతో మూడోసారి వెళ్లి, సాయంత్రం బండికి రేపల్లె వచ్చింది. దొంగచాటుగా అదే ఆట చూసి, బస్సులో ముందే ఇల్లు చేరిన భర్త, పొద్దుటి నుంచీ కదలనివాడిలా అరుగు మీద కూర్చున్నాడు.

"ఎలా ఉందేంటి సినిమా?"

"బాగుందండి. విజయమ్మ అక్కకే నచ్చలేదు. గూఢచారి అంత తెలివితక్కువగా ఉంటాడా అంటుంది."

"మరి నీకు?"

"నాకు అందుకే ఇష్టం."

"మూడుసార్లు చూసేంత అందగాడా వాడు? ఆ పిల్లి మీసం, వాడూనూ."

"నవ్విస్తాడండి."

"పెళ్లయి ఆరేళ్లయింది. ఇంట్లో నువ్వంత పగలబడి నవ్వడం నేనెప్పుడూ వినలేదు."

"ఎంత పగలబడి?"

అతను వీధి వైపు చూపు తిప్పాడు. "నవ్వే ఉంటావు గదా అని."

"మొదటి రెండుసార్లూ వాణ్ణి చూసే నవ్వానండి. ఇవాళ మా ఆడవాళ్ల వైపంతా తెర చూడటం మానేసింది."

"ఎందుకని?"

"మగాళ్ల బెంచీల్లో ఒకాయన, ఇంత ఎండల్లో తలకి మఫ్లరు చుట్టుకుని, నేను నవ్వినప్పుడల్లా అడ్డుగోడ మీంచి మెడ సాచి చూశాడు. ఎవరే ఆయన అని అక్క అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఎవరో పాపం అన్నాను." ఆమె చెయ్యి చాపింది. "ఆ మఫ్లరు ఇటివ్వండి. నేనల్లిందే గదా, చెమట పట్టి ఉంటుంది, ఉతికేస్తాను."