నీరుగంటి మద్దిలేటి ఒక్కపొద్దు

ముందుకు జరగండమ్మా, ఇంకా దగ్గరికి రండి. ఆ గడపకాడ కూర్చున్న పెద్దాయనా, నువ్వూ రా నాయనా, ఈ కత నీ వయసోళ్లకే ఎక్కువ పనికొస్తాది. సామిని ఒకసారి మనసులో తలుచుకొని వినండి. మద్దిలేటి అని ఒక నీరుగంటి ఉండెనంట. నీరుగంటి అంటే తెలుసు గదా, కాలవ మీద తిరుగుతా ఏ మడికి ఎంత నీళ్లు కావల్లో అంత ఇడిసేటోడు. ముప్పై ఏండ్లు ఆయన తూముకాడ నీళ్లు ఆపే పలక ఎత్తితే ఎత్తినట్టే, దించితే దించినట్టే, ఒక్కరూ ఒక్క మాట అనలేదంట. అట్లాంటోని మీదికి ఒక యేడు ఎడంపక్క రైతులంతా వచ్చిపడినారు. ఏమైందంటే, కుడిపక్క మళ్లు బాగానే ఉండాయి, ఎడంపక్క మళ్లల్లో మాత్రం నీళ్లు పొర్లి నారు కుళ్లిపోతా ఉంది. "మాతో ఏం పగరా నీకు? ఎడంపక్క పలక దించవేంది?" అన్నాడు గిడ్డయ్య అనే రైతు. దించినా గిడ్డన్నా, నాకు దించినట్టే కనపడింది అంటాడంట ఈయన. "అయితే నీ కన్ను చూపిచ్చుకో పో! లేకుంటే వచ్చే పంటకి ఇంకో నీరుగంటిని పెట్టుకుంటాం" అని తేల్చేసినారు.

పెండ్లాం సుంకులమ్మ ఆయన్ని టౌన్లో కంటాసుపత్రికి తోలకపోయింది. డాక్టరమ్మ చూసి ఏం చెప్పిందంటే, పెద్దాయనా, నీకు నీటికాసులు. కంట్లో ఊరే నీళ్లు బయటికి పోయే దారి పూడిపోయింది, లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటా ఉంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, అందుకే పక్కచూపు తరిగిపోయినా నీకు తెలీలా. పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకుందాం, రోజూ ఈ చుక్కలు ఏసుకో, ఒక్క పూట కూడా మానొద్దు అనింది. సరే తల్లీ అని వచ్చినాడు.

ఇక్కడ వినండి, అసలు తిక్క ఇక్కడే ఉంది. చుక్క కంట్లో ఏసుకుంటే కాసేపటికి గొంతులోకి చేదు దిగుతాది. ఏసుకున్నోళ్లకి తెలుసు. మద్దిలేటికేమో శనివారం నరసింహసామి ఒక్కపొద్దు, పొద్దు గుంకేదాకా ఏమీ మింగడు. గొంతులోకి దిగిందంటే మింగినట్టే గదా, ఒక్కపొద్దు చెడిపోతాది అనుకున్యాడు, శనివారం మానేసినాడు. సోమారం శివయ్యకి, అదీ మానేసినాడు. ఏకాదశులు. ఆపైన కార్తీకమాసం వచ్చె, అనుకో, నెలంతా ఎగనామమే! చుక్కల బుడ్డి సామి పటం ముందర భద్రంగా ఉంది, చుక్క మాత్రం కంట్లో పడలా.

కార్తీకం పోయినాక మళ్లీ ఆసుపత్రికి పోతే ఒత్తిడి తగ్గకపోగా పెరిగింది. డాక్టరమ్మ మొగం చిన్నబుచ్చుకొని, "మందు పనిచేయలేదు పెద్దాయనా, కంటికి పెద్ద ఆపరేషనే చేయాల" అనింది. ఆమెనే మళ్లీ, "చుక్కలు రోజూ ఏసుకున్యావా?" అనడిగింది. ఏసుకున్యా తల్లీ, ఒక్క పూట మానలా, అనేసినాడు. అది కూడా శనివారమే! పక్కనే సుంకులమ్మ ఉందా, గబుక్కున తిరిగి, "ఏమయ్యో, చుక్క గొంతులోకి దిగితే ఒక్కపొద్దు చెడుతాదంటివే, గొంతులోనుంచి అబద్ధం వస్తే చెడదా?" అనింది. అంతే. మద్దిలేటి తలొంచుకున్యాడు. మానినానమ్మా, సామి కోసరమని మానినా, అని శనివారాలు, సోమారాలు, కార్తీకం, అన్నీ చెప్పేసినాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. "మంచిపని చేసినావు చెప్పి. మందు ఓడిపోలేదు, నువ్వే దాన్ని వాకిట్లో నిలబెట్టినావు. అయితే అంత పెద్ద కోత ఇప్పుడు అక్కర్లేదు, చుక్కలు మానకుంటే వాటికి తోడు చిన్న పని చాలు. నీ కాలవకాడ తూము నోరు పూడితే గట్టు తెగ్గొడతావా?" అనింది. "అయ్యో, గట్టెందుకు తెగ్గొడతానమ్మా, పూడినకాడ గొట్టం దూర్చి దారి తీస్తా!" "నేనూ అదే చేస్తా. నా గొట్టం ఆవగింజలో సగం కూడా ఉండదు" అని నవ్వింది. చుక్క ఏసుకున్యాక కంటి మూల, ముక్కు పక్కన, వేలితో కొంచేపు నొక్కి పట్టుకుంటే చేదు గొంతులోకి దిగదని కూడా చూపిచ్చింది.

ఆపరేషను రోజు కన్ను మొద్దుబారేకి మందేసినారు. మద్దిలేటి నరసింహా నరసింహా అనుకుంటా పండుకున్యాడు. ఎంతసేపటికీ ఏమీ కాలేదనిపించి, "ఇంగ మొదలుపెట్టరా తల్లీ?" అంటే, "లెయ్ పెద్దాయనా, అయిపోయింది" అనిందంట! బయట సుంకులమ్మ ఏడుస్తా నవ్వింది, నవ్వుతా ఏడ్సింది. నెల తిరిగేసరికి ఒత్తిడి దిగొచ్చింది.

పోయిన పక్కచూపు రాలేదు, అది చెప్పకుంటే నాకూ అబద్ధమే. కాబట్టి ఇప్పుడు మద్దిలేటి ఎడంపక్క పలక దించేముందు మెడంతా తిప్పి చూస్తాడు, చేత్తో తడుముతాడు. "ఏంది మద్దిలేటీ, పెండ్లికూతురు లెక్క అటూ ఇటూ చూస్తాండావు?" అని గిడ్డయ్య ఎకసెక్కం ఆడితే, "సామి మిగిలిచ్చిన చూపు గిడ్డన్నా, పారబోసుకోను" అన్నాడంట. ఆ యేడు ఎడంపక్క నారు పచ్చగా నిలబడింది. నీరుగంటిని మార్చాలని ఎవరూ అనలా.

ఈ పొద్దు ఏకాదశి. నేను ఒక్కపొద్దే, నాకూ ఆ నీటికాసులే, చుక్క ఏసుకొని, కంటి మూల నొక్కుకొనే మీ ముందర కూర్చున్యా. సామికి కోపం రాలేదు, చూడండి, గొంతు బాగానే పలుకుతా ఉంది. డాక్టరు ముందర ఆఖరికి మద్దిలేటి సిగ్గు ఇడిసి ఉన్నది ఉన్నట్టు చెప్పినాడే, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి నాయనా. మీకూ ఆ పొద్దు వస్తే, మీరూ అట్లే చెప్పండి.